"ఏం కనిపెట్టినావు పాపా?" తిరుపతి చుట్టుపక్కల జరిగే రీసెర్చ్ గురించి కొంచెం వివరంగా

పోయినసారి గంగజాతరకి మా ఇంటికి బంధువులంతా వచ్చినారు. మధ్యాన్నం అంబలి తాగి అందరూ వసారాలో కూర్చోనుంటే మా చిన్నాయన నా మేనకోడల్ని అడిగినాడు, "ఏం పాపా, నాలుగేళ్ళ నుంచి రీసెర్చ్ రీసెర్చ్ అంటా ఉండావే, ఇంతకీ ఏం కనిపెట్టినావు?" అని. ఆయన ఎగతాళికి అడగలా, నిజంగానే తెలుసుకుందామని అడిగినాడు. పిల్ల మాత్రం ఏం చెప్పాలో తెలీక నా పక్క చూసింది. తను చేసేది గాదంకి రాడార్ డేటా మీద, వానాకాలంలో గాలి పైకీ కిందికీ ఎట్ల కదుల్తుందో చూడటం. దాంట్లో "కనిపెట్టడం" అనే మాట పట్టే చోటే లేదు.

నేను డిగ్రీ కాలేజీలో చెప్తాను, చదివింది జియాలజీ. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే మన ఊర్లో ఉన్నన్ని రకాల రీసెర్చ్ ఇంత చిన్న జాగాలో ఇంకెక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది నాకు. 1954లో పెట్టిన ఎస్వీయూ, 1983 నాటి మహిళా యూనివర్సిటీ, 2020లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన సంస్కృత విద్యాపీఠం, స్విమ్స్ అనే పెద్దాసుపత్రి, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ పరిశోధన స్థానం, 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్, అట్ల చిత్తూరు రోడ్డు పట్టుకుని పోతే గాదంకి. చాలా చోట్ల చివరికి పేరు ముందు పడేది అదే "డాక్టర్", కానీ ఒకరు పొద్దున నుంచి సాయంత్రం దాకా చేసే పని ఇంకొకరికి అసలు పనిలాగే కనపడదు. ఇది సైన్స్, అది ఆర్ట్స్ అని రెండు గంపల్లో పడేస్తే ఏమీ అర్థం కాదు. నా మటుకు నాకు ఒక ప్రశ్నతో బాగా అర్థమైంది: నువ్వు చెప్పేది తప్పయితే ఆ సంగతి నీకెట్ల తెలుస్తుంది? ఒక్కో రంగానికి దీనికి ఒక్కో జవాబు ఉంది, ఆ జవాబే ఆ రంగం.

నాకు తెలిసిన దాంతో మొదలుపెడతా. కొండకి పోయే ఘాట్ రోడ్డులో, రోడ్డు కోసం కోసిన గట్టుల్లో, రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద గ్రానైట్, 250 కోట్ల ఏళ్ళకి పైబడింది. దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. రెండూ కలిసే గీత మీద అరచెయ్యి పెడితే ఆ చెయ్యి కింద సుమారు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉన్నట్టు. అంతకాలం ఏం జరిగిందో చెప్పే రాయే అక్కడ లేదు, ఉన్నది కూడా కొట్టుకుపోయింది. జియలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినారు. రోజూ వేలమంది బస్సుల్లో దాన్ని దాటుకునే పైకి పోతారు, ఒక్కసారన్నా కిటికీలోంచి చూడండి అని నా స్టూడెంట్స్‌కి ప్రతి ఏడాదీ చెప్తా ఉంటా.

మరి ఆ వయసు ఎట్ల తెలిసింది? గ్రానైట్‌లో జిర్కాన్ అని సన్న గింజలుంటాయి, వాటిలో కొద్దిగా యురేనియం ఉంటుంది, అది నిదానంగా సీసం అయిపోతా ఉంటుంది. ఎంత నిదానం అంటే సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్ళు. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం చేరింది అని కొలిస్తే వయసు తేలుతుంది. కానీ మధ్యలో ఆ సీసం కొంచెం కారిపోయి ఉంటే? ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఉంది. యురేనియంలో రెండు రకాలున్నాయి, ఒకటి నిదానం, ఒకటి కొంచెం వేగం, రెండూ వేరే వేరే రకం సీసంగా మారతాయి, అంటే ఒకే గింజలో రెండు గడియారాలు. రెండూ ఒకే టైమ్ చూపిస్తే నమ్ముతాం, తేడా వస్తే ఏదో జరిగిందని ఆగిపోతాం. పైనున్న క్వార్ట్‌జైట్‌కి మాత్రం ఇది నేరుగా పనికిరాదు, ఎందుకంటే దాంట్లోని ఇసుక గింజలు అంతకు ముందే ఉన్న ఏవో కొండలు అరిగి వచ్చినవి, వాటి వయసు కొలిస్తే ఆ పాత కొండ వయసు వస్తుందే కానీ ఈ రాయి వయసు రాదు, "ఇంతకంటే పాతది కాదు" అనేంత వరకే చెప్పగలం. మా రంగంలో ప్రయోగం అనేదే లేదు పెద్దగా. జరిగిపోయిన దాన్ని ఆనవాళ్ళ నుంచి వెనక్కి చదువుకోవడమే.

గాదంకి దగ్గర బస్సులో పోయే చాలామందికి కొండల మధ్య ఆ యాంటెనాల పొలం ఉన్న సంగతే తెలీదు. 32 వరసలు, వరసకి 32, మొత్తం 1024 యాంటెనాలు, అన్నీ ఆకాశం వైపే చూస్తా ఉంటాయి. ఎంఎస్‌టీ రాడార్ అంటారు. మామూలు రాడార్ విమానాన్నో వాన చినుకునో పట్టుకుంటుంది, ఇది ఉత్త గాలిని పట్టుకుంటుంది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే తరంగం పొడవు అయిదున్నర మీటర్ల పైచిలుకు, గాలిలో దాంట్లో సగం సైజు సుడులు ఉంటే వాటి నుంచి చాలా సన్నగా సిగ్నల్ వెనక్కి వస్తుంది, దాన్ని బట్టి ఇరవై కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎటు పోతా ఉందో చెప్పొచ్చు. వీళ్ళ కష్టం ఏందంటే పోయిన ఏడాది వానని మళ్ళీ కురిపించి చూడలేరు. కాబట్టి వాళ్ళకి ఆధారం అంటే ఏళ్ళ తరబడి ఆపకుండా పోగేసిన రికార్డు, 1990ల నుంచీ. మన పిల్ల నాలుగేళ్ళు చేసింది అదే, ఆ పెద్ద దండలో ఒక పూస. దాన్ని ఏం కనిపెట్టినావు అని అడిగితే పాపం ఏం చెప్తుంది.

మా చిన్నాయన రైతు. పూతలపట్టు పక్క పల్లెలో ఆయనకి మెట్ట చేను ఉంది, దాంట్లో ఎప్పుడూ శెనక్కాయే. ఆయనకి తెలీకుండానే ఆయన కూడా ఒక రీసెర్చ్‌లో ఉన్నాడు, ఆ మాట తర్వాత చెప్తా. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి నారాయణి, ధరణి లాంటి శెనక్కాయ రకాలు వచ్చినాయి. ఒక రకం రావాలంటే సుమారు పదేళ్ళు పడుతుంది. శెనక్కాయ పువ్వు తనకు తానే సంపర్కం చేసుకుంటుంది, కాబట్టి రెండు రకాల్ని కలపాలంటే సాయంత్రం పూట మొగ్గలోంచి మగ భాగాల్ని సన్న పట్టకారుతో తీసేయాలి, పొద్దున్నే ఇంకో రకం పుప్పొడి తెచ్చి అద్దాలి, దాని తర్వాత ఊడ దిగి కాయ పడాలి. అట్ల వచ్చిన విత్తనాన్ని తరం తర్వాత తరం ఏరుకుంటా పోవాలి. ఇది ఓపిక పని. ఆ తర్వాత వచ్చేది తెలివి పని. కొత్త రకం పాత రకం కంటే బాగుంది అని ఎట్ల తెలుస్తుంది? చెరువు పక్కన తేమ ఉంటుంది, గట్టు పక్కన చెట్టు నీడ ఉంటుంది, కొత్త రకాన్ని మంచి మట్టిలో వేస్తే అది బాగానే కాస్తుంది గదా. 1920ల్లో ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ దీనికి దారి చూపించినాడు. చేనుని మడులుగా కోసి, ఏ మడిలో ఏ రకం వెయ్యాలో మనిషి ఇష్టానికి వదలకుండా లాటరీ తీసినట్టు తియ్యి, ప్రతి రకాన్నీ చాలా మడుల్లో వెయ్యి, అప్పుడు మట్టి తేడా ఎంతో రకం తేడా ఎంతో లెక్కలో విడిపోతుంది.

చేనులో పుట్టిన ఈ ఆలోచన తర్వాత ఆసుపత్రికి పోయింది. 1947లో బ్రిటన్‌లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా లేదా అని చూసినప్పుడు ఏ పేషెంట్‌కి మందు ఇవ్వాలో డాక్టర్ నిర్ణయించలేదు, లాటరీ నిర్ణయించింది. ఇప్పుడు మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ అయినా మొదలుపెట్టక ముందే రిజిస్టర్ చెయ్యాలి, 2009 నుంచి తప్పనిసరి, ఎందుకంటే రిజల్ట్ చూసినాక "మేం చూసింది అది కాదు ఇది" అని ప్రశ్న మార్చేసుకోకుండా ఉండాలని. మనిషి ఒంటి మీద చేసేది కాబట్టి అతని ఒప్పుకోలు కూడా కావాలి, శెనక్కాయని అడగక్కర్లేదు గానీ మనిషిని అడగాల.

లెక్కల వాళ్ళ దగ్గరికి పోతే ఈ మడులూ లాటరీలూ ఏవీ ఎక్కవు. 1919లో పోల్యా అనే ఆయన ఒక ఊహ చెప్పినాడు. ప్రతి సంఖ్యనీ ప్రైమ్ నంబర్ల గుణకారంగా విడగొట్టు, కొన్నిటికి సరి సంఖ్యలో ప్రైమ్‌లు వస్తాయి, కొన్నిటికి బేసి సంఖ్యలో వస్తాయి, నువ్వు ఎంత దూరం లెక్కపెట్టినా బేసి వాళ్ళు సగానికి తగ్గరు అని. వంద దాకా చూడు నిజం, లక్ష దాకా చూడు నిజం, కోటి దాకా నిజం. వేరే ఏ రంగంలో అయినా ఈపాటికి ఒప్పేసుకుని పుస్తకంలో రాసేస్తారు. 1958లో ఇది తప్పు అని రుజువైంది, 1980లో అది మొట్టమొదట ఎక్కడ తప్పుతుందో దొరికింది, 90 కోట్ల 61 లక్షల 50 వేల 257 దగ్గర. కోట్ల సాక్ష్యాలు ఉన్నా ఒక్క సంఖ్య అడ్డం తిరిగితే అయిపోయింది. కాబట్టి వాళ్ళకి సాక్ష్యం చాలదు, రుజువే కావాల. ఒకే బిల్డింగ్‌లో పై అంతస్తులో స్టాటిస్టిక్స్ వాళ్ళు నూటికి తొంభై అయిదు నమ్మకం చాలంటారు, కింద మ్యాథ్స్ వాళ్ళు నూటికి నూరున్నా రుజువు లేకపోతే ఊహే అంటారు, ఇద్దరూ కరెక్టే.

ఇంక శాసనాల సంగతి. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే దీన్నే మనవాళ్ళు "పాత రాళ్ళు చదువుకోవడం కూడా రీసెర్చా" అని తీసిపారేస్తారు. తిరుమల, తిరుపతి గుళ్ళ గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి, ఎక్కువ తమిళంలో, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతంలో. 1930ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు మొదలుకొని కొందరు పండితులు వాటిని చదివి టీటీడీ తరఫున సంపుటాలుగా తెచ్చినారు. వాటిల్లో ఎక్కువ భాగం ఒకే రకం కథ: ఫలానా ఆయన గుడి భండారానికి ఇంత సొమ్ము ఇచ్చినాడు, ఆ సొమ్ముతో గుడి ఊర్లలో కాలవలూ చెరువులూ తవ్వించినారు, దాంతో పెరిగిన పంటతో స్వామికి ఇన్ని అప్పాలు ఇన్ని అతిరసాలు నైవేద్యం, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకి. భక్తుడు చదివితే అది భక్తి. భాష చదివేవాళ్ళకి అది అయిదొందల ఏళ్ళ కిందటి మాటల తీరు. 1960లో బర్టన్ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఇవే శాసనాలు పట్టుకుని, ఆ కాలంలో గుడి ఒక బ్యాంకులాగా సొమ్ము తీసుకుని సాగునీటికి పెట్టుబడి పెట్టింది అని రాసినాడు, దక్షిణ భారత ఆర్థిక చరిత్ర చదివేవాళ్ళకి ఆ వ్యాసం ఇప్పటికీ కావాల్సిందే. రాయి అదే, అక్షరం అదే. వేరే ప్రశ్న వేస్తే వేరే సంగతి బయటికొచ్చింది.

మరి వీళ్ళు తప్పు చదివితే ఎట్ల తెలుస్తుంది? నోటికొచ్చింది చెప్పేయడం కుదరదు. తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు, ఆ అచ్చు చూసి ఇంకో మనిషి యాభై ఏళ్ళ తర్వాత అయినా "నువ్వు చదివిన అక్షరం ఇది కాదు" అని చెప్పొచ్చు. ఇంకోటి, చాలా శాసనాల్లో శకసంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం అన్నీ ఉంటాయి. ఆ రోజు నిజంగా ఆ తిథి ఆ వారం కలిసినాయా అని ఖగోళం లెక్కతో చూడొచ్చు. మద్రాసులో స్వామికన్ను పిళ్ళై గారు దీనికోసమే వందల ఏళ్ళ పంచాంగం లెక్కలు కట్టి అచ్చు వేయించినారు. కలవకపోతే చదివింది తప్పు, లేదా చెక్కినాయనే తప్పు చెక్కినాడు, లేదా తర్వాతెప్పుడో చెక్కి పాత తేదీ వేసినారు. జిర్కాన్ గింజలో రెండు గడియారాలు అన్నా చూడండి, నాకు ఇది సరిగ్గా అట్లాంటిదే అనిపిస్తుంది, రాతి మీద రాసిన శకసంవత్సరం ఒక గడియారం, చంద్రుడు ఇంకో గడియారం.

అన్నిటికీ ఇట్ల గడియారం దొరకదు. ఐఐటీ, ఐసర్ ఉన్న ఆ ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది, దాంట్లో శివలింగం మీద నిలబడ్డ శివుడి రూపం చెక్కి ఉంటుంది, దేశంలో చాలా పాత శివలింగాల్లో ఒకటి. దాని కాలం మీద పండితుల్లో ఒకాయన క్రీస్తు పూర్వం అంటాడు, ఇంకొకాయన అంత పాతది కాదంటాడు, మధ్యలో కొన్ని శతాబ్దాల తేడా. రాయికి కార్బన్ పరీక్ష పనికిరాదు, ఒకప్పుడు ప్రాణం ఉన్న వాటికే అది. కాబట్టి ఆ తలపాగా, ఆ పంచెకట్టు, కాళ్ళ కింద ఉన్న యక్షుడు వేరే ఏ శిల్పాలతో పోలుతున్నాయో చూసి చెప్పాల్సిందే. దీంట్లో కన్ను తయారవ్వడానికే ఇరవై ఏళ్ళు పడుతుంది.

అన్నమయ్య రాగిరేకులు కూడా అంతే. తిరుమల గుడిలో సంకీర్తన భండారంలో రెండువేలకి పైగా రేకులు దొరికినాయి, ఆయన 32 వేలు రాసినాడని చెప్తారు, మనకి మిగిలింది దాంట్లో సగానికి తక్కువ. ప్రతి కీర్తన మీదా రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. కాబట్టి మనం పొద్దున్నే రేడియోలో వినే వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారూ ఆ తర్వాత వాళ్ళూ కట్టినవి. సామంతం అని రాగం పేరు రేకు మీద ఉంది, కానీ 1408 నుంచి 1503 దాకా బతికిన ఆ మనిషి నోట్లో సామంతం ఎట్ల పలికిందో? పేరు నిలబడింది, వరస మారిపోయింది. ఈ ప్రశ్న సంగీతం తెలిసినవాళ్ళు, రాగాల తీరు వివరించే పాత లక్షణ గ్రంథాలు చదివేవాళ్ళు, ఇద్దరూ కూర్చుంటే తప్ప కదలదు.

నాకు బాగా నచ్చిన పోలిక ఇంకోటి చెప్తా. శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది గదా, దాని జాతికి ప్రపంచంలో ఇంకొక్కటే తోడు, అది శ్రీలంకలో ఉంది. ఈ రెండూ దగ్గరివని ఎట్ల తెలుస్తుంది? రెండిట్లో మాత్రమే కనిపించే కొన్ని మార్పులు ఉంటాయి, మిగతా బల్లుల్లో ఉండవు, అంటే రెండూ ఒకే ముత్తాత నుంచి వచ్చినట్టు. ఇప్పుడు తాళపత్రాలు చూడండి. ఒకే గ్రంథానికి ముప్పై ప్రతులు ఉంటే, ఒకే తప్పు నాలుగు ప్రతుల్లో మాత్రమే ఉంటే, ఆ నాలుగూ ఒకే పాత ప్రతి చూసి రాసుకున్నవని అర్థం. పుణె భండార్కర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1919 నుంచి 1966 దాకా మహాభారతానికి శుద్ధప్రతి తయారుచేసింది ఇట్ల పాఠాలు పోల్చిపోల్చే. ఈ పక్క సంస్కృత విద్యాపీఠంలో తాళపత్రం ముందు కూర్చున్నాయన, ఆ పక్క జువాలజీ ల్యాబ్‌లో డీఎన్ఏ చూసే అమ్మాయి, ఇద్దరూ తప్పుల నుంచి వంశవృక్షం గీస్తా ఉన్నారు.

జాతర సంగతికి వస్తా. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, మగవాళ్ళు చీరలు కట్టుకుని మొక్కు తీర్చుకోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉన్నాం. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాయిస్ ఫ్లూకిగర్ దీనికోసం ఏళ్ళ తరబడి తిరుపతికి వచ్చి, ఇక్కడి ఆడవాళ్ళతో కూర్చుని, 2013లో ఒక పుస్తకమే తెచ్చినారు. ఇక్కడ లాటరీ లేదు, రుజువు లేదు, రాడార్ లేదు. ఒక అవ్వ "నేను గంగమ్మకి తాళి ఇచ్చినా" అంటే ఆ మాటకి అర్థం ఏందో పట్టుకోవాల. తప్పు పట్టుకునేది ఎట్లంటే మళ్ళీ మళ్ళీ రావడం, పోయిన ఏడాది అర్థమైంది ఈ ఏడాది ఇంకో అవ్వ ముందు పెట్టి చూడటం, ఆమె "అట్ల కాదమ్మా" అంటే మార్చుకోవడం. కొలతలు లేవు కాబట్టి ఇది సులువు అనుకుంటారు. నా ఉద్దేశంలో అన్నిటికంటే కష్టం ఇదే, ఎందుకంటే ఇక్కడ పనిముట్టు నువ్వే, నీ పనిముట్టు చెడిపోయిందేమో నీకే తెలియదు.

ఇన్ని రకాల పనుల్నీ ఒకే కొలతతో కొలవాలని చూస్తారే, నా బాధంతా అక్కడే. 2015లో హిగ్స్ కణం బరువు మీద వచ్చిన ఒక ఫిజిక్స్ పేపర్‌కి 5154 మంది రచయితలు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. మ్యాథ్స్‌లో పేర్లు ఎక్కువగా అక్షరక్రమంలో ఉంటాయి, బయాలజీలో చివరి పేరు ల్యాబ్ పెద్దది, శాసనాలు చదివేటాయనకి మాత్రం ఒక్క పేరే, పదేళ్ళకి ఒక్క పుస్తకం. ఈ నలుగుర్నీ "ఎన్ని పేపర్లు" అని అడిగితే ఏం తెలుస్తుంది? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది అసలు జర్నళ్ళని ఎంచుకోవడానికి పుట్టిన లెక్క, మనుషుల్ని కొలవడానికి కాదు. అది చూసేది కూడా అంతకు ముందు రెండేళ్ళలో వచ్చిన వ్యాసాల్ని ఈ ఏడాది ఎంతమంది వాడుకున్నారు అనేది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి పని తొంభై ఏళ్ళుగా వాడతానే ఉన్నారు, రెండేళ్ళ కిటికీలోంచి చూస్తే ఆయన కనపడనే కనపడడు. నా స్నేహితుడు ఒకడు వేరే ఊర్లో తెలుగు చెప్తాడు, పల్లెపల్లె తిరిగి వీరగల్లులు, అంటే పోరులో చచ్చిపోయిన వీరుల పేర నిలబెట్టిన రాళ్ళు, చదువుతాడు, ప్రమోషన్ ఫైల్‌లో వాడిని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అడిగినారు. తెలుగు పత్రికలకి అదెక్కడిది? చివరికి డబ్బు కట్టించుకుని ఏది పంపినా వేసే ఒక జర్నల్‌కి కట్టి, చదవని ఇంగ్లీషులో రెండు వ్యాసాలు వేయించుకున్నాడు. ఆ ఏడాది వాడు ఒక్క ఊరికి కూడా పోలేదు. వాడు ఆ మాట చెప్పినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. 2022లో యూజీసీ పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వక ముందు పేపర్ వెయ్యాల్సిందే అనే షరతు తీసేసింది, మంచిదే, కానీ ఉద్యోగం దగ్గరా ప్రమోషన్ దగ్గరా లెక్కపెట్టే అలవాటు పోలేదు.

ఆ రోజు వసారాలో నేను ఇదంతా చెప్పలేదు, అంత టైమ్ ఎక్కడ. చిన్నాయనని ఒకటే అడిగినా, "రెండేళ్ళ కింద నీకు చిరుసంచి ఇచ్చినారే, ఏం చేసినావు?" అని. కొత్త రకం ఇంకా విడుదల చేయక ముందు కొంతమంది రైతులకి చిన్న సంచుల్లో విత్తనం ఇచ్చి వాళ్ళ చేలల్లో చూస్తారు. ఆయన వెంటనే లేచి కూర్చున్నాడు. "మా పాత రకం పక్కనే అదే సాళ్ళల్లో వేసినా, అదే రోజు, అదే ఎరువు. లేకుంటే తేడా ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు. "గట్టు పక్క వెయ్యలేదా?" అంటే, "ఆడ చింతచెట్టు నీడ పడుతుంది గదరా, ఆ కాయ తగ్గితే విత్తనం తప్పా చెట్టు తప్పా?" అన్నాడు.

పిల్ల నవ్వింది. చిన్నాయన ఆమె పక్కకి తిరిగినాడు. "సరే పాపా, మీ రాడార్ గాలి ఇటు పోతా ఉంది అని చెప్పింది అనుకో, అది తప్పు చెప్పిందని మీకెట్ల తెలుస్తుంది?"

"బెలూన్ వదుల్తాం తాతా," అని మొదలుపెట్టింది. అంబలి చెంబు పక్కకి జరిపి, పత్రిక వెనక పక్క పెన్నుతో ఒక పెద్ద చదరం గీసి దాంట్లో యాంటెనాల చుక్కలు, పక్కనే పైకి పోతా ఉండే బెలూన్, అది గాలికి కొట్టుకుపోయే దారి గీస్తా ఉంటే ఆయన కళ్ళజోడు తెమ్మని లోపలికి కేకేసినాడు.